కమాన్ కట్టల మీద సందక్‌ఫూ

మానేభంజన్ నుంచి 31 కి.మీ. పైకి. డెబ్బై ఏళ్ల నాటి ల్యాండ్ రోవర్లు, కొత్త బొలెరోలు ఒకే దారిలో పోటీ పడుతున్న చోట, బండి ఎత్తు పెంచడం గురించి నగరాలు నమ్ముతున్న చాలా సంగతులు తలకిందులవుతాయి

డార్జిలింగ్‌కు 26 కి.మీ. దూరంలో, సరిగ్గా భారత-నేపాల్ సరిహద్దు మీద ఉన్న మానేభంజన్ బజారులో ఉదయం ఆరింటికల్లా బానెట్లు తెరుచుకుంటాయి. చలికి బిగుసుకున్న ఇంజన్లు రెండు మూడు సార్లు దగ్గి, నల్లటి పొగ కక్కి, ఆపైన లేస్తాయి. డ్రైవర్ బండి కిందికి వంగి స్పానర్‌తో యూ బోల్టులను ఒక్కొక్కటిగా బిగిస్తాడు. కమాన్ పట్టీల అంచుల మీద వేలు పెట్టి జరుపుతూ పోతాడు. విరిగిన పట్టీ కంటికి కనబడకపోయినా వేలికి తగులుతుంది. ఈ తతంగం పూర్తయ్యేదాకా, ముందుగా డబ్బు కట్టిన ప్రయాణికుడు ఎంత తొందరపెట్టినా బండి కదలదు. 'దాజు, ఇంకా ఎంతసేపు' అని కలకత్తా నుంచి వచ్చిన కుర్రాళ్లు అడుగుతూనే ఉంటారు. దాజు అంటే నేపాలీలో అన్నయ్య. ఇక్కడ డ్రైవర్లందరూ దాజులే.

ఇక్కడి నుంచి సందక్‌ఫూ 31 కి.మీ. సముద్ర మట్టానికి 3,636 మీటర్ల ఎత్తున ఉన్న ఆ శిఖరమే పశ్చిమ బెంగాల్‌లో అత్యంత ఎత్తైన చోటు. ఆకాశం తేటగా ఉన్న రోజున అక్కడ నిలబడితే ప్రపంచంలోని అయిదు అతి ఎత్తైన శిఖరాల్లో నాలుగు, అంటే ఎవరెస్ట్, కాంచన్‌జంగ, లోత్సే, మకాలూ ఒకే చూపులో కనబడతాయి. ఆ దృశ్యం కోసమే జనం వస్తారు. అయితే వచ్చినవాళ్లు తిరిగి వెళ్లి ఎక్కువసేపు చెప్పుకునేది కొండల గురించి కాదు, దారి గురించి. 31 కి.మీ.కు నాలుగు గంటలు పట్టిన రోజులు ఎన్నో. గంటకు ఎనిమిది కిలోమీటర్లు అంటే బలమైన ఎడ్ల జతతో పోటీ పడవచ్చు.

ఈ దారిని దశాబ్దాలుగా ఏలింది ల్యాండ్ రోవర్. 1948లో ఆమ్‌స్టర్‌డామ్ మోటార్ ప్రదర్శనలో తొలిసారి కనిపించిన బండి అది. యుద్ధం తర్వాత బ్రిటన్‌లో ఉక్కుకు కరువు వస్తే రోవర్ కంపెనీ అల్యూమినియం మిశ్రమ లోహపు రేకుతో బాడీ చేసింది. ఆ కరువే ఈ కొండలకు వరమైంది. ఏడాదిలో సగం రోజులు మేఘాల్లో నానే ఊళ్లో ఆ రేకుకు తుప్పు పట్టదు. చట్రం మాత్రం ఉక్కే కాబట్టి దానికి పడుతుంది, ఎక్కడికక్కడ వెల్డింగ్ అతుకులూ పడతాయి. ఇంగ్లీషు దొరలు, తేయాకు తోటల వాళ్లు వదిలి వెళ్లిన ఆ బళ్లు చేతులు మారి మానేభంజన్ చేరాయి. 2018లో ల్యాండ్ రోవర్ కంపెనీ తన 70 ఏళ్ల పండుగకు ఈ ఊరి మీదే సినిమా తీసింది. అప్పటికి ఇక్కడ 42 సిరీస్ ల్యాండ్ రోవర్లు తిరుగుతున్నాయి. ఆ కంపెనీ 2008 నుంచి మన టాటాల చేతిలోనే ఉంది. విదేశీ బండి మన కొండను ఎక్కుతోందా, మన కంపెనీ బండి మన కొండను ఎక్కుతోందా అన్నది ఇక తేల్చడం కష్టం.

వీటిలో చాలా బళ్లకు పాత ఇంజన్ మిగల్లేదు. బానెట్ ఎత్తితే దేశీ డీజిల్ ఇంజన్ పలకరిస్తుంది. బ్రేకులు, స్టీరింగ్, సీట్లు అన్నీ ఎక్కడెక్కడివో. మారనిది ఒక్కటే. ముందు రెండు, వెనక రెండు, మొత్తం నాలుగు కమాన్ కట్టలు, వాటి మీద మోపిన రెండు గట్టి ఇరుసులు.

కమాన్ కట్ట అంటే తెలుగువాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. లారీ కింద విల్లులా వంగి, ఒకదాని మీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీల కట్ట. బొర్రా గుహల దగ్గర కటికి జలపాతానికి తీసుకెళ్లే జీపు ఎక్కిన వాళ్లకైతే దాని స్వభావం నడుములకు కూడా తెలుసు. గుంటలో పడ్డప్పుడు పట్టీలు ఒకదాని మీద ఒకటి రాసుకుని దెబ్బను మింగుతాయి. ఆ రాపిడే సగం షాకబ్జర్ పని చేస్తుంది. పైగా ఇరుసును అటూఇటూ జరగకుండా పట్టి ఉంచేదీ అదే. కాయిల్ స్ప్రింగు బరువును మాత్రమే మోయగలదు. ఇరుసు తన స్థానంలో ఉండాలంటే దానికి విడిగా చేతులు, రాడ్లు కావాలి. అంటే కాయిల్ బండిలో విరగడానికి ఎక్కువ వస్తువులున్నాయి. సుఖం మాత్రం కాయిల్‌దే. ఆ మాటకొస్తే ల్యాండ్ రోవర్ కంపెనీ కూడా 1970లో రేంజ్ రోవర్‌తో కాయిల్‌కు మళ్లింది. 1983లో వన్ టెన్ మోడల్‌తో మామూలు ల్యాండ్ రోవర్‌కూ అదే పెట్టింది. మానేభంజన్ బళ్లు ఆ మలుపుకు ముందే ఇక్కడికి వచ్చేశాయి.

బజారు దాటగానే చిత్రే వైపు దారి నిట్టనిలువుగా లేస్తుంది. ఒకదాని మీద ఒకటి హెయిర్‌పిన్ మలుపులు. ఇక్కడే తొలి సంగతి బయటపడుతుంది. సిరీస్ వన్ ల్యాండ్ రోవర్ ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య దూరం మొదట్లో 80 అంగుళాలు. తర్వాత 86, ఆపైన 88. ఇప్పుడు ఈ దారి మీదికి వచ్చిన మహీంద్రా బొలెరోలో అది 2,680 మిల్లీమీటర్లు, అంటే 105 అంగుళాల పైమాటే. పాత బండి ఒక్క తిప్పులో తిరిగే మలుపులో కొత్త బండి ఒకసారి వెనక్కి రావాల్సి ఉంటుంది. అంతకన్నా పెద్ద తేడా పొట్ట దగ్గర. పెద్ద బండ మీదికి ముందు చక్రాలు ఎక్కి దిగాక బండి కడుపు ఆ బండకు తగులుతుందా లేదా అన్నది రెండింటి మీద ఆధారపడుతుంది. నేల నుంచి ఎత్తు ఒకటి, ఇరుసుల మధ్య దూరం రెండోది. పొట్టి బండి తక్కువ ఎత్తుతోనే దాటేస్తుంది. పొడుగు బండి అదే బండను దాటాలంటే ఎత్తు పెంచుకోవాలి. హైదరాబాద్, బెంగళూరు, ఢిల్లీల్లో ఇప్పుడు జోరుగా సాగుతున్న 'లిఫ్ట్ కిట్' వ్యాపారానికి మూలం సగం ఇక్కడుంది. సగం మాత్రమే. మిగతా సగం అద్దంలో చూసుకోవడానికి.

బండిని పైకి లేపడానికి గరాజుల్లో దారులు చాలా ఉన్నాయి. కమాన్ కట్టల బండి అయితే అన్నింటికన్నా చౌకైనది షాకిల్ పొడుగు పెంచడం. కట్ట చివర ఊగే ఆ చిన్న ఇనుప జోడు రెండంగుళాలు పెరిగితే బండి అంగుళం లేస్తుంది. కట్టకు ఒక చివరే లేస్తుంది కాబట్టి లాభంలో సగం పోతుంది. పైగా ఇరుసు కొద్దిగా తిరుగుతుంది. వెనక ఇరుసైతే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం చెడి జాయింట్ క్రాసులు మూలుగుతాయి. ముందు ఇరుసైతే స్టీరింగ్ వదిలేసినట్టు తేలిపోతుంది. చౌకలో రెండోది అదనపు పట్టీ వేయడం. బరువు మోసే బండికి ఇది మంచిదే. ఖాళీగా తిరిగే బండికి మాత్రం ఇది శిక్ష. కట్ట గట్టిపడి వంగడం మానేస్తుంది, గతుకుల్లో చక్రం నేలను వదిలి గాల్లో ఉండిపోతుంది. నేలను తాకని చక్రం ఎంత ఎత్తున ఉంటే ఎవరికి ఉపయోగం?

మూడోది కుర్రకారుకు ఇష్టమైనది. ల్యాండ్ రోవర్‌లో, పాత జీపులో కట్ట ఇరుసు కింద ఉంటుంది. దాన్ని తీసి ఇరుసు పైకి మారిస్తే ఒక్క దెబ్బకు నాలుగైదు అంగుళాలు లేస్తుంది. కొత్త స్ప్రింగులు కొనక్కర్లేదు, పాత కట్టలే కాబట్టి మెత్తదనం కూడా పోదు. వినడానికి బాగుంటుంది. కానీ ఎక్కుడులో తొక్కినప్పుడు ఇరుసు మెలితిరగబోతుంది. కట్ట 'ఎస్' ఆకారంలో ఒంగి, వదలగానే కొట్టుకుంటుంది. బ్రేకు గొట్టాలు చాలవు. స్టీరింగ్ రాడ్ ఏటవాలుగా వాలిపోయి, గుంటలో పడ్డ ప్రతిసారీ స్టీరింగ్ తనంతట తాను తిరుగుతుంది. వీటన్నింటినీ సరిచేస్తూ పోతే చౌక అనుకున్న పని కొత్త కట్టల ఖర్చును దాటిపోతుంది. పెద్ద ఒంపుతో కొత్త కట్టలు చేయించి, వాటికి సరిపడే పొడుగు షాకబ్జర్లు వేసి, రెండంగుళాలతో సరిపెట్టుకోవడమే కమాన్ బండికి బుద్ధిమంతుడి మార్గం.

కాయిల్ బళ్లది మరో కథ. మహీంద్రా థార్ 2010లో వచ్చినప్పుడు వెనక కమాన్ కట్టలే. 2020 థార్‌లో నాలుగు మూలలా కాయిల్ వచ్చింది. నేల నుంచి ఎత్తు 226 మిల్లీమీటర్లు. 1985 నుంచి మన సైన్యానికీ పోలీసులకూ అలవాటైన మారుతి జిప్సీకి నాలుగు కమాన్ కట్టలు. దాని స్థానంలో 2023లో వచ్చిన జిమ్నీకి నాలుగు కాయిళ్లు, రెండు గట్టి ఇరుసులు, 210 మిల్లీమీటర్ల ఎత్తు. ఈ బళ్లను లేపడానికి అందరూ మొదట చేసే పని కాయిల్ మీద స్పేసర్ పెట్టడం. పిల్లాడు పీట మీద నిలబడి పొడుగయ్యానన్నట్టు ఉంటుంది అది. బండి లేస్తుంది, స్ప్రింగు మాత్రం పాతదే, చక్రం కిందికి దిగే దూరమూ పాతదే. పొడవైన కొత్త కాయిల్, దానికి జోడీ షాకబ్జర్ వేస్తేనే చక్రం మరింత కిందికి దిగి గుంటను తాకుతుంది. థార్ ముందు భాగంలో గట్టి ఇరుసు లేదు, చక్రాలు విడివిడిగా ఊగుతాయి. అక్కడ హద్దు మీరి లేపితే యాక్సిల్ షాఫ్టుల కోణం పెరిగి, వాటి మీది రబ్బరు బూట్లు చిరిగి, చివరికి జాయింట్లు పోతాయి. గట్టి ముందు ఇరుసున్న జిమ్నీ ఈ విషయంలో కాస్త ఓర్పు గలది.

అందరూ మరిచేది ఇంకొకటుంది. గట్టి ఇరుసు బండిని స్ప్రింగులతో ఎంత లేపినా, ఇరుసు మధ్యలో ఉబ్బెత్తుగా వేలాడే డిఫరెన్షియల్ గుండు నేలకు ఎంత దూరంలో ఉందో అంతే దూరంలో ఉంటుంది. లేచేది బాడీ మాత్రమే. గుండు లేవాలంటే టైరే పెద్దది కావాలి. టైరు ఎత్తు రెండంగుళాలు పెరిగితే గుండు అంగుళం లేస్తుంది. పెద్ద టైరు పట్టడానికి చోటివ్వడమే లిఫ్ట్ చేసే అసలు పని. అయితే పెద్ద టైరు గేరును బరువెక్కిస్తుంది, స్పీడోమీటర్ తక్కువ చూపిస్తుంది, బ్రేకు ఆలస్యంగా పడుతుంది. అన్నింటికీ మించి బండి బరువు పైకి పోతుంది. ఒక పక్క లోయ, ఒక పక్కకు వాలిన దారి ఉన్న చోట అది ఏమవుతుందో ఊహించడానికి ఇంజనీరింగ్ డిగ్రీ అక్కర్లేదు.

మేఘ్మా పేరుకు తగ్గట్టు మేఘాల్లోనే ఉంటుంది. దాని తర్వాత తుమ్లింగ్. ఇక్కడ దారి సరిహద్దును కుట్టుకుంటూ పోతుంది. టీ తాగేది నేపాల్‌లో, బండి ఆగేది భారత్‌లో అయినా ఎవరూ పట్టించుకోరు. ఏప్రిల్‌లో రోడోడెండ్రాన్లు పూసి కొండ ఎర్రబడుతుంది. తుమ్లింగ్ నుంచి గైరీబాస్‌కు దారి ఒక్కసారిగా కిందికి పడిపోతుంది. ఎక్కిన ఎత్తంతా పోగొట్టుకుని, సింగలీలా జాతీయ పార్కు గేటు దాటి, మళ్లీ మొదటి నుంచి ఎక్కాలి. 1986లో అభయారణ్యంగా మొదలై 1992లో జాతీయ పార్కు అయిన ఈ అడవి రెడ్ పాండాలకు ఆశ్రయం. ఇంజన్ల మోతకు అవి కనిపించవు. కనిపించాయని చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు.

గైరీబాస్ పైన కయాకటా వైపు ఎక్కుడు పాత రోజుల్లో ఈ దారికే పరీక్ష. గుండ్రాళ్లు పరిచిన బాట, వానకు మట్టి కొట్టుకుపోయి రాళ్లు పళ్లలా పొడుచుకొచ్చిన బాట. ల్యాండ్ రోవర్ డ్రైవర్ ఇక్కడ పసుపు పిడి నొక్కి నాలుగు చక్రాలనూ పనిలోకి దింపుతాడు. మరీ కష్టమైతే ఎర్ర లీవరు లాగి లో గేరులో వేసి, క్లచ్ మీద నుంచి కాలు తీసేసి, బండిని దాని మానాన పాకనిస్తాడు. ముందు ఎడమ చక్రం బండ మీదికి లేచినప్పుడు వెనక ఎడమ చక్రం గుంటలోకి దిగుతుంది. చట్రం మెలి తిరిగినట్టవుతుంది, తలుపులు కిర్రుమంటాయి. నాలుగు చక్రాలూ మాత్రం నేల మీదే ఉంటాయి. ఏళ్ల తరబడి బరువు మోసి మోసి అలసిపోయిన కమాన్ పట్టీల మెత్తదనం అది. నగరంలో అయితే ఆ కట్టలను 'చచ్చిన స్ప్రింగులు' అని పారేస్తారు.

ఇక్కడి కట్టల్లో ఇంకో తమాషా ఉంది. సిరీస్ ల్యాండ్ రోవర్‌కు ఫ్యాక్టరీలోనే కుడి కట్ట వేరు, ఎడమ కట్ట వేరు. కుడి చేతి స్టీరింగ్ బండిలో డ్రైవర్ బరువు, పెట్రోల్ ట్యాంకు బరువు ఒకే పక్క పడతాయి కాబట్టి ఆ పక్క కట్టకు కాస్త ఎక్కువ ఒంపు ఇచ్చారు. కొండ దారిలో పట్టీ విరిగితే దొరికిన పట్టీ వేసుకోవడమే గానీ ఈ లెక్క ఎవరు చూస్తారు? అందుకే ఊళ్లో కొన్ని బళ్లు నిలబడ్డప్పుడే ఒక పక్కకు ఒరిగి, ఎవరి మాటో చెవిన వేసుకుంటున్నట్టు కనిపిస్తాయి.

ఈ బళ్లలో దేనికీ లిఫ్ట్ లేదు. పొట్టి చట్రం, పలచటి టైరు, మెత్తబడిన కట్టలు, దారిలో ప్రతి రాయినీ పేరుపెట్టి పిలవగల డ్రైవర్. వాటి సెటప్ అదే. పైకప్పు మీద బియ్యం బస్తాలు, గ్యాస్ సిలిండర్లు, కోళ్ల గంపలు వేసుకుని పైకి వెళ్లే బండి మరో నాలుగంగుళాలు లేస్తే ఏ మలుపులో ఒరుగుతుందో అక్కడి వాళ్లకు బాగా తెలుసు.

ఇప్పుడు ఆ దారే మారుతోంది. కొన్నేళ్లుగా ముక్కలు ముక్కలుగా కాంక్రీటు, తారు పడుతూ వచ్చాయి. రాళ్ల బాట తగ్గిన కొద్దీ బొలెరోలు పైకి రావడం మొదలైంది. బొలెరోకు ముందు కాయిళ్లు, వెనక కమాన్ కట్టలు. సుఖమూ మోతా రెండూ కావాలన్న మధ్యేమార్గం అది. నేల నుంచి ఎత్తు 180 మిల్లీమీటర్లే. నగర గరాజుల లెక్కలో అది ఆఫ్‌రోడ్ బండే కాదు. అయినా ఫోర్ వీల్ డ్రైవ్ ఉంటే ఇప్పటి సందక్‌ఫూకు సరిపోతోంది. సీటు మెత్తగా ఉంటుంది, బ్రేకు పడుతుంది, కిటికీ అద్దం మూసుకుంటుంది, స్పేర్ పార్టు సిలిగురిలో దొరుకుతుంది. ప్రయాణికుడు ఇంతకన్నా ఏం కోరతాడు? ఫొటోకు ల్యాండ్ రోవర్, ప్రయాణానికి బొలెరో అన్నది ఇప్పటి పర్యాటకుల సూత్రం. నాలుగు గంటల కుదుపు అనుభవించినవాళ్లు వాళ్లను తప్పుపట్టలేరు.

పాత బండి యజమానికి మాత్రం అది అన్నం మీద దెబ్బ. కాగితాల ఖర్చు కూడా పెరిగింది. 15 ఏళ్లు దాటిన కార్ల రీ-రిజిస్ట్రేషన్ రుసుమును కేంద్రం 2022 ఏప్రిల్ నుంచి 600 రూపాయల నుంచి 5,000 రూపాయలకు పెంచింది. పొగ, బ్రేకు, చట్రం చూసి ఫిట్‌నెస్ ఇచ్చే అధికారికి అరవై డెబ్బై ఏళ్ల బండి అన్ని విధాలా తలనొప్పే. ఇక్కడే చట్టం మరో వైపు నుంచి కూడా నవ్వు తెప్పిస్తుంది. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. నగరంలో ఆరంగుళాలు లేపి ఫ్లైఓవర్ మీద తిరిగే థార్‌కు ఈ సెక్షన్ వర్తిస్తుంది. ఇంజన్ మారిన మానేభంజన్ ల్యాండ్ రోవర్‌కూ వర్తిస్తుంది. ఒకరిది మోజు, ఒకరిది బతుకు. చట్టం రాసిన కాగితం మీద ఆ తేడాకు గడి లేదు.

దారి బాగుపడకూడదని కోరుకునేవాళ్లు కూడా ఉన్నారు. ట్రెకింగ్‌కు వచ్చేవాళ్లలో చాలామంది మాట అది. కాంక్రీటు వస్తే సందక్‌ఫూ మరో టైగర్ హిల్ అవుతుందని వారి బాధ. ఆ బాధ నిజమే. అయితే కాన్పు నొప్పులతో ఉన్న మనిషిని కాలాపోఖ్రీ నుంచి కమాన్ కట్టల బండిలో కిందికి దించాల్సి వచ్చినప్పుడు రాళ్ల బాట అందం ఎవరికీ గుర్తు రాదు. ఏడాదంతా పైన ఉండేవాళ్ల మాటే ఈ విషయంలో ముందు వినాలి.

కాలాపోఖ్రీ అంటే నల్ల కొలను. ఎంత చలికీ గడ్డకట్టదని అక్కడి వాళ్ల నమ్మకం. తర్వాత బిఖేభంజన్. అక్కడ పెరిగే విషపు మొక్క నాభి వల్ల వచ్చిన పేరు. సందక్‌ఫూ అన్న పేరుకూ ఆ మొక్కే మూలమని చెబుతారు. చివరి నాలుగు కిలోమీటర్లు మళ్లీ నిటారు. గాలి పలచబడి ఇంజన్ కూడా మనిషిలాగే ఒగరుస్తుంది. డీజిల్ పొగ నలుపెక్కుతుంది. మంచు పడిన రోజుల్లో చక్రాలకు గొలుసులు చుట్టి ఎక్కిస్తారు.

పైన తెల్లవారుజామున అందరూ దుప్పట్లు కప్పుకుని బయటికి వస్తారు. పడమటి వైపు ఎవరెస్ట్ చిన్నగా, వెనకెక్కడో. ఉత్తరాన కుంభకర్ణ తలగా, కాంచన్‌జంగ పొట్టగా పడుకున్న బుద్ధుడు. ఎండ ముందుగా ఆ పొట్ట మీద పడుతుంది. కెమెరాలన్నీ అటు తిరిగిన ఆ పది నిమిషాల్లో ఓ ల్యాండ్ రోవర్ డ్రైవర్ మాత్రం అటు చూడకుండా బండి కింద దూరి ఉంటాడు. దిగేటప్పుడు ఖాళీ సిలిండర్లు వేసుకుపోవాలి. వెనక ఎడమ కట్టలో రెండో పట్టీ చీలింది. గరాజు 31 కి.మీ. దూరంలో ఉంది కాబట్టి, ప్రస్తుతానికి ఇనుప తీగ నాలుగు చుట్లు తిప్పి, కొరముట్టుతో బిగిస్తున్నాడు.